ఇతరుల పాటలతో కట్టిన సొంత ఆల్బమ్: ద కే అండ్ డీ సెషన్స్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "1998లో వచ్చిన ద కే అండ్ డీ సెషన్స్ అనే రీమిక్స్ ఆల్బమ్‌ను ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటారు? నేను విన్నాను, బాగానే ఉంది. కానీ కాఫీ షాపులో వెనకాల మోగే సంగీతంలా అనిపించింది. అందులో ఎక్కువ పాటలు వాళ్లవి కూడా కాదు. రీమిక్స్‌ల సంకలనంలో అంత గొప్పతనం ఏముంది?"

అది వెనకాల మోగడానికి బాగా పనికొస్తుందన్న మాట నిజమే. పాతికేళ్లుగా కేఫ్‌లు, హోటల్ లాబీలు, బట్టల షాపులు దాన్ని అలాగే వాడుకున్నాయి. కానీ చేసినవాళ్లు అందుకోసం చేయలేదు. పేరుకి రీమిక్స్‌ల సంకలనమే అయినా, నా దృష్టిలో ఇది ఇద్దరు మనుషులు ఒకే చెవితో, ఒకే పద్ధతిలో తయారు చేసిన సొంత ఆల్బమ్. ముడిసరుకు మాత్రం వేరేవాళ్లది. సౌండ్ మిక్సింగ్ పని చేసేవాడిగా నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది వాళ్లు చేర్చినవి కాదు, తీసేసినవి. అదే కాస్త వివరంగా చెబుతాను.

ముందు రీమిక్స్ సంగతి. మన దగ్గర రీమిక్స్ అంటే అందరికీ తెలిసిన సినిమా పాటకి కొత్త బీట్ వేసి, వేగం పెంచి, బారాత్‌లో డీజే బాక్సుల మీద మోగించేది. దాని పని దానిది, నాకు అభ్యంతరం లేదు. అక్కడ పాట అలాగే ఉంటుంది, పైన ఇంకో పొర చేరుతుంది. 1990లలో యూరప్‌లో పద్ధతి వేరుగా ఉండేది. ఒక బ్యాండ్ సింగిల్ విడుదల చేసేటప్పుడు రికార్డు కంపెనీ ఆ పాట భాగాలను, అంటే గొంతు, బేస్, గిటార్, డ్రమ్స్ అన్నీ విడివిడిగా, టేపు మీద వేరే కళాకారుడికి పంపేది. అతను వాటితో ఏమైనా చేసుకోవచ్చు. చాలామంది గొంతు ఒక్కటే ఉంచుకుని మిగతాదంతా పక్కన పెట్టేసేవారు. తయారైన వెర్షన్ 12 అంగుళాల వినైల్ మీదో, సీడీ సింగిల్ మీదో అదనపు పాటగా వచ్చేది. మంచి రీమిక్స్‌లు అలా వేర్వేరు కంపెనీల సింగిల్స్ మీద చెల్లాచెదురుగా ఉండిపోయేవి. షాపుల్లో వెతికి కొనుక్కునే డీజేలకు తప్ప మామూలు శ్రోతలకు వాటి జాడ తెలిసేది కాదు.

ఆల్బమ్ పేరులోని కే, డీ అంటే పీటర్ క్రూడర్, రిచర్డ్ డోర్ఫ్‌మైస్టర్. ఇద్దరూ ఆస్ట్రియా రాజధాని వియన్నావాళ్లు. క్రూడర్ అంతకుముందు ద మోరోస్ అనే హిప్-హాప్ బృందంలో ఉన్నాడు. డోర్ఫ్‌మైస్టర్ ఫ్లూట్ నేర్చుకున్నవాడు. 1993లో ఇద్దరూ కలిసి జీ-స్టోన్డ్ అనే చిన్న రికార్డుతో బయటికొచ్చారు. దాని అట్ట మీద సైమన్ అండ్ గార్‌ఫంకెల్ వాళ్ల బుకెండ్స్ ఆల్బమ్ అట్టను అనుకరిస్తూ ఇద్దరూ ఫొటో దిగారు. ఆ రికార్డుకి పేరు రావడంతో లండన్ నుంచి, మిగతా చోట్ల నుంచి రీమిక్స్ పనులు వరసగా వచ్చాయి. 1996లో బెర్లిన్‌కి చెందిన కే7 సంస్థ డీజే-కిక్స్ అనే తమ డీజే మిక్స్‌ల సిరీస్‌లో ఒకటి వీళ్ల చేత చేయించింది. రెండేళ్ల తర్వాత అదే సంస్థ చెల్లాచెదురుగా ఉన్న వీళ్ల రీమిక్స్‌లు పోగుచేసి, వీళ్ల సొంత ట్రాకులు కూడా కొన్ని కలిపి, రెండు సీడీల సెట్‌గా ద కే అండ్ డీ సెషన్స్ తెచ్చింది. మొత్తం 21 ట్రాకులు, రెండు గంటల పైమాటే.

ఇందులో ఉన్న పేర్లు చూడండి. డెపేష్ మోడ్ ఇంగ్లండ్ సింథ్-పాప్ బ్యాండ్. బోన్ థగ్స్-ఎన్-హార్మనీ అమెరికాలోని క్లీవ్‌లాండ్ ర్యాపర్లు. రోనీ సైజ్ బ్రిస్టల్ డ్రమ్ అండ్ బేస్ మనిషి, అంటే వేగమైన డ్రమ్స్, లోతైన బేస్‌తో నడిచే క్లబ్ సంగీతం. ల్యామ్ మాంచెస్టర్ జంట. రాకర్స్ హై-ఫై బర్మింగ్‌హామ్ డబ్ బృందం (డబ్ అంటే ఏమిటో కింద చెబుతాను). డేవిడ్ హోమ్స్‌ది బెల్‌ఫాస్ట్. సోఫా సర్ఫర్స్, కౌంట్ బేసిక్ వియన్నావాళ్లే. వీళ్ల అసలు పాటలన్నీ వరసగా పెట్టి వింటే రేడియో స్టేషన్లు మారుస్తున్నట్టు ఉంటుంది. క్రూడర్, డోర్ఫ్‌మైస్టర్ చేతుల్లోంచి వచ్చాక మాత్రం అన్నీ ఒకే గదిలో, ఒకే రాత్రి రికార్డు చేసినట్టు వినిపిస్తాయి. ఇది ఎలా జరిగిందన్నదే నాకు అసలు ప్రశ్న.

దానికి జవాబు చాలావరకు జమైకాలో ఉంది. 1960ల చివర, 70ల మొదట్లో కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే సౌండ్ ఇంజినీర్, రెగే పాటల మాస్టర్ టేపుల నుంచి గొంతును తీసేసి, బేస్‌ని, డ్రమ్స్‌ని ముందుకు తెచ్చి, మధ్యమధ్యలో ఒక మాటను మాత్రం ఎకోలోకి విసిరి కొత్త వెర్షన్లు చేయడం మొదలుపెట్టాడు. అదే డబ్. మిక్సింగ్ బోర్డునే వాయిద్యంగా వాడటం అక్కడ మొదలైంది. సింగిల్ రికార్డు ఒక వైపు పాట, రెండో వైపు దాని డబ్ వెర్షన్ ఉండేవి. కే అండ్ డీ సెషన్స్‌లో ఈ వారసత్వం దాచుకోకుండా కనిపిస్తుంది. రాకర్స్ హై-ఫై పాట గోయింగ్ అండర్, బాంబ్ ద బేస్ పాట బగ్ పౌడర్ డస్ట్ ఇందులో రెండేసి సార్లు వస్తాయి, ఒకసారి పాటగా, ఇంకోసారి డబ్‌గా. మొదటిసారి వినేవాళ్లకి ఇది నిడివి పెంచడానికి చేసినట్టు అనిపించొచ్చు. నేనైతే ఆ రెండు జతల్నీ పక్కపక్కన పెట్టి వినమని మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి చెబుతాను. పాటలో ఏది తీసేసినా నిలబడేది ఏమిటి, ఏది తీసేస్తే కూలిపోతుంది అన్నది అలా వింటేనే తెలుస్తుంది.

ఇప్పుడు డెపేష్ మోడ్ పాట యూజ్‌లెస్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే వీళ్ల పద్ధతి మొత్తం అందులో ఉంది. ఇది 1997లో వచ్చిన అల్ట్రా ఆల్బమ్‌లోది. ఆ బ్యాండ్‌కి అది చాలా కష్టకాలం. 1995లో బ్యాండ్ సభ్యుడు అలన్ వైల్డర్ బయటికి వెళ్లిపోయాడు, 1996లో గాయకుడు డేవ్ గాన్ డ్రగ్స్ వల్ల ప్రాణాల మీదికి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత పూర్తయిన ఆల్బమ్ ఇది. మూలంలో ఆ పాట గిటార్ రిఫ్‌తో, అంటే మళ్లీమళ్లీ వచ్చే ఒక చిన్న గిటార్ ముక్కతో, ముందుకు తోసుకుంటూ పోతుంది. ఎవరినో నిలదీస్తున్న కోపం ఉంటుంది. వీళ్లు ఆ తోపు మొత్తాన్ని తగ్గించేశారు. డ్రమ్స్ నెమ్మదిగా, బరువుగా నడుస్తాయి. బేస్ పాటకి వెన్నెముక అయింది. గొంతు చుట్టూ చాలా ఖాళీ వదిలారు. ఒక వాక్యం అయిపోయాక తర్వాతది వెంటనే రాదు, ఆ మధ్యలో ఎకో తోక ఒకటి నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. గాన్ పాడింది అవే మాటలు, అదే గొంతు. కానీ అసలు పాటలో కోపంగా వినిపించిన మనిషి ఇక్కడ అలసిపోయి, అయినా మాట వెనక్కి తీసుకోని మనిషిగా వినిపిస్తాడు. ఒక్క కొత్త మాట రాయకుండా పాట అర్థాన్నే మార్చేశారు. నాకు తెలిసిన రీమిక్స్‌లలో ఇంత పని చేసినవి చాలా తక్కువ.

కచేరీల్లో నెరవల్ విన్నవాళ్లకి దీన్ని దగ్గరగా పోల్చి చెప్పొచ్చు. కృతిలోంచి ఒక్క సాహిత్య పంక్తిని తీసుకుని, మాటలు మార్చకుండా, తాళంలో వాటి చోటు చెదరకుండా, దాని చుట్టూ సంగీతాన్ని మళ్లీమళ్లీ మలుస్తారు కదా. వినేకొద్దీ ఆ పంక్తి బరువు పెరుగుతుంది. అక్కడ గాయకుడు చేసేది ఇక్కడ మిక్సింగ్ బోర్డు దగ్గర కూర్చున్నవాడు చేస్తున్నాడు.

ఇంకో చిన్న సంగతి, ఇది చాలామంది గమనించరు. అల్ట్రా ఆల్బమ్‌కి నిర్మాత టిమ్ సైమనన్. అతనే బాంబ్ ద బేస్. అంటే ఒకే మనిషి చేసిన పని ఈ సంకలనంలోకి రెండు దారుల్లో వచ్చింది, ఒకసారి తన పాటగా, ఇంకోసారి తాను నిర్మించిన పాటగా. బగ్ పౌడర్ డస్ట్ మీద ర్యాప్ చేసింది జస్టిన్ వార్‌ఫీల్డ్. అతని ర్యాప్ మంచి వేగంగా, ఊపిరి సలపకుండా సాగుతుంది. కింద నేల నెమ్మదిగా కదులుతుంటే పైన మాటలు పరుగెత్తుతుంటాయి. ఆ రెండు వేగాల మధ్య లాగుడే ఆ ట్రాక్ ప్రాణం.

రెండు వేగాలు అన్నాను కాబట్టి ఆ లెక్క కూడా చెప్పాలి. డ్రమ్ అండ్ బేస్ సంగీతం నిమిషానికి సుమారు 170 బీట్లతో నడుస్తుంది. అందులో సగం 85. హిప్-హాప్, డబ్ చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కాబట్టి పై డ్రమ్స్ 170లో పరుగెత్తుతున్నా, బేస్ 85లో నడిస్తే శరీరానికి నెమ్మదిగానే తెలుస్తుంది. తల ఊపాలంటే బేస్‌తో ఊపుతాం, వేళ్లతో తట్టాలంటే డ్రమ్స్‌తో తడతాం. ఈ ఆల్బమ్‌ని డౌన్‌టెంపో, అంటే నెమ్మది బీట్ల సంగీతం, అని ఒక డబ్బాలో పెట్టేస్తారు గానీ, కౌంట్ బేసిక్ పాట స్పీచ్‌లెస్ ఇక్కడ డ్రమ్ అండ్ బేస్ రూపంలోనే ఉంటుంది. ఆల్బమ్ మొదలయ్యే ట్రాక్ రోనీ సైజ్ పాట హీరోస్. బ్రిటన్‌లో ఏటి మేటి ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్‌ని 1997లో గెలిచిన న్యూ ఫామ్స్ ఆల్బమ్‌లోది. క్రూడర్ దాన్ని బ్రెజిల్ సంగీతమైన బోసా నోవా మెత్తటి నడక వైపు మళ్లించాడు. ఆ సంవత్సరాల్లో బ్రిటన్ క్లబ్బుల్లో అందరికన్నా వేగంగా పోతున్న సంగీతాన్ని తీసుకుని, ఆల్బమ్‌కి తలుపు తెరిచే ట్రాక్‌గా దాన్ని అంత తేలిగ్గా చేయగలగడం వాళ్ల ఆత్మవిశ్వాసం. నెమ్మది అంటే బద్ధకం కాదని మొదటి ట్రాకులోనే తేలిపోతుంది.

పరికరాల గురించి కొంచెం. ఆ రోజుల్లో ఇలాంటి సంగీతమంతా సాంప్లర్ల మీదే నడిచింది. ఒక పాత జాజ్ రికార్డులోంచి రెండు మూడు సెకన్ల డ్రమ్స్ తీసుకుని, దాన్ని తిప్పితిప్పి వాయించే యంత్రం అది. దాని మెమరీ కొన్ని మెగాబైట్లే ఉండేది. సీడీ నాణ్యతలో ఒక నిమిషం స్టీరియో శబ్దానికి 10 మెగాబైట్ల పైనే కావాలి. అంటే చాలా యంత్రాల్లో ఒక్క నిమిషం పూర్తిగా పట్టదు. అందుకే ఏ ముక్క తీసుకోవాలన్నది చాలా ఆలోచించి ఎంచుకోవాల్సి వచ్చేది. ఎంచుకున్న ఆ చిన్న ముక్కనే ఫిల్టర్‌తో మసకబరిచి, మళ్లీ తెరిచి, ఎకోలో ముంచి, కొన్నిసార్లు పూర్తిగా ఆపేసి ఆరేడు నిమిషాలు విసుగు రాకుండా నడపాలి. పాత రికార్డు నుంచి తీసిన శబ్దంలో ఆ గది, ఆ మైకు, ఆ దుమ్ము కూడా కలిసి వస్తాయి. ఈ ఆల్బమ్‌లో ఉండే ఆ వెచ్చదనం చాలావరకు అదే. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వందల ట్రాకులు తెరవొచ్చు, మెమరీ సమస్య లేదు. అయినా కొత్త పిల్లలు తెచ్చే మిక్స్‌లలో నేను ఎక్కువగా చెప్పే మాట "ఇందులో సగం తీసేయండి" అన్నదే.

మీరు దీన్ని కాఫీ షాపు సంగీతం అనుకోవడానికి అసలు కారణం ఈ ఆల్బమ్ తర్వాత వచ్చిన వరద అని నా అభిప్రాయం. ఇబీజాలో హోసే పదియా ఎంపిక చేసిన కఫే దెల్ మార్ సంకలనాలు 1994 నుంచే వస్తున్నాయి, వాటిలో మొదటివి నిజంగా మంచివి. 1999లో పారిస్ నుంచి బుద్ధా బార్, హోటెల్ కోస్ట్ సిరీస్‌లు మొదలయ్యాయి. అక్కడి నుంచి ప్రతి హోటల్‌కీ, ప్రతి స్పాకీ ఒక చిల్-అవుట్ సీడీ తయారైంది. మెత్తటి బీట్, ఒక ఆడ గొంతు, కొంచెం సితార్, అయిపోయింది. ఎవరి చెవికీ అడ్డు పడకూడదన్నదే వాటి ధ్యేయం. వాటిని ముందు విని తర్వాత కే అండ్ డీ దగ్గరికొస్తే అన్నీ ఒకే గుంపులాగా అనిపించడం సహజం. తేడా ఎక్కడంటే, ఆ సీడీల్లో ఒకరు కూర్చుని పాటలు ఎంచుతారు. ఇక్కడ ఇద్దరు కూర్చుని ప్రతి పాటనీ మళ్లీ కట్టారు. పైగా ఈ ఆల్బమ్ అంత మర్యాదస్తురాలేమీ కాదు. సోఫా సర్ఫర్స్ ట్రాక్ సోఫా రాకర్స్‌ని డోర్ఫ్‌మైస్టర్ చేసిన తీరు వినండి, ఆ బేస్‌లో ఒక బెదిరింపు ఉంటుంది. ల్యామ్ పాట ట్రాన్స్ ఫ్యాటీ యాసిడ్‌లో లూ రోడ్స్ గొంతు హాయిగా ఉంచడానికి పాడదు, దగ్గరికొచ్చి కలవరపెడుతుంది. డేవిడ్ హోమ్స్ "గాన్" (Gone) అనే పాటలో సారా క్రాక్‌నెల్ పాడింది వియోగం. వీటిని కాఫీ పక్కన పెట్టి వినొచ్చు, కానీ శ్రద్ధగా వింటే కాఫీ చల్లారిపోతుంది.

లోపాలు లేవని అనను. నిడివి ఎక్కువ. రెండో సీడీలో కొంతసేపు ఒకే గాలి వీస్తున్నట్టు ఉంటుంది, అక్కడ ఒకటి రెండు ట్రాకులు తగ్గించి ఉంటే ఇంకా గట్టిగా నిలబడేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కొన్ని హిప్-హాప్ ముక్కల్లో ఆ దశాబ్దపు వాసన బాగా కొడుతుంది. పైగా మొత్తం మీద గంజాయి సంస్కృతి నీడ ఉంది, జీ-స్టోన్డ్ పేరులోనే అది ఉంది (స్టోన్డ్ అంటే గంజాయి మత్తులో ఉండటం). కొందరికి అది నచ్చదు, నేను అర్థం చేసుకోగలను. సంగీతం మాత్రం దాని మీద ఆధారపడి లేదు.

ఇంకో విశేషం కూడా ఈ ఆల్బమ్‌ని నిలబెట్టింది. ఇంత పేరు వచ్చాక వీళ్లిద్దరూ కలిసి సొంత పాటల ఆల్బమ్ ఒకటి వెంటనే తెస్తారని అందరూ ఎదురుచూశారు. తేలేదు. మడోనా పాట నథింగ్ రియల్లీ మ్యాటర్స్ రీమిక్స్ లాంటి పెద్ద పనులు చేశారు గానీ, ఎవరి దారిన వాళ్లు వేరే ప్రాజెక్టుల్లోకి వెళ్లారు. క్రూడర్ పీస్ ఆర్కెస్ట్రా పేరుతో 1999లో ఆల్బమ్ తెచ్చాడు. డోర్ఫ్‌మైస్టర్, రూపర్ట్ హ్యూబర్‌తో కలిసి టోస్కా నడిపాడు. వీళ్లిద్దరి పేరు మీద పూర్తి సొంత ఆల్బమ్ 2020లో గానీ రాలేదు. దాని పేరు 1995, అందులోవి ఆ కాలంలో చేసి పక్కన పెట్టేసిన రికార్డింగులే. అంటే వీళ్ల గురించి తెలుసుకోవాలనుకున్న రెండు తరాల శ్రోతలకి కే అండ్ డీ సెషన్సే వీళ్ల ముఖ్య రచన. ఇతరుల పాటల మీద చేసిన పని ఒక కళాకారుడి ముఖ్య రచనగా నిలవడం పాప్ సంగీతంలో అరుదు.

ఇక మీరు మళ్లీ వినాలనుకుంటే ఎలా వినాలో చెబుతాను, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్ స్పీకర్ మీద విని ఉంటే మీరు ఈ ఆల్బమ్‌ని ఇంకా వినలేదనే అర్థం. లోతైన బేస్ 40 నుంచి 80 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. ఇందులో పాటల్ని పట్టి ఉంచేదే బేస్ కాబట్టి, అది లేకపోతే మిగిలేది పైన తేలే మెరుపులు మాత్రమే, అవి సహజంగానే కాఫీ షాపులా వినిపిస్తాయి. ఖరీదైనవి అక్కర్లేదు, చెవిని పూర్తిగా కప్పే మామూలు హెడ్‌ఫోన్స్ చాలు. బేస్ బూస్ట్ లాంటివి ఆపేయండి, ఎందుకంటే ఇందులో బేస్ ఇప్పటికే కావలసినంత ఉంది, ఇంకా పెంచితే ఎకో తోకలన్నీ దాని కింద నలిగిపోతాయి. షఫుల్ ఆపేయండి. రెండు గంటలూ ఒకేసారి కూర్చోవద్దు, మొదటి సీడీ ఒక రోజు, రెండోది ఇంకో రోజు.

విసుగు వస్తుందేమోనన్న టెన్షన్ ఉంటే దగ్గరదారి ఇంకోటి ఉంది. ముందు యూజ్‌లెస్ మూలం ఒకసారి వినండి, వెంటనే వీళ్ల వెర్షన్ వినండి. అలాగే ల్యామ్ పాట, రోనీ సైజ్ పాట. ఈ మూడు జతలు విన్నాక ఆల్బమ్ మొత్తం మొదటి నుంచి పెట్టండి. ఏం తీసేశారో చెవికి తెలిశాక, మిగిల్చినవి ఎందుకు మిగిల్చారో దానంతట అదే వినపడుతుంది.

ఇది నచ్చితే తర్వాత ఏం వినాలని కూడా అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. టోస్కా 2000లో తెచ్చిన సుజుకి, ఈ సంగీతంలో సున్నితమైన వైపు. పీస్ ఆర్కెస్ట్రా ఆల్బమ్, చీకటి వైపు. రీమిక్స్ అనే పని మీదే ఆసక్తి కలిగితే మాసివ్ అటాక్ పాటల్ని మ్యాడ్ ప్రొఫెసర్ 1995లో డబ్ చేసిన నో ప్రొటెక్షన్ తప్పక వినండి. అది ఒకే ఆల్బమ్ పాటల్ని ఒకే మనిషి విప్పి మళ్లీ కట్టినది, కాబట్టి మూలంతో పోల్చుకోవడం ఇంకా తేలిక. బుద్ధా బార్ సిరీస్‌ని మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి, ముందు చెవి ఇటు అలవాటు పడనివ్వండి. సోఫా రాకర్స్ హెడ్‌ఫోన్స్‌తో విన్నాక కూడా కాఫీ షాపే గుర్తొస్తే మళ్లీ రాయండి, ట్రాక్ ట్రాక్‌గా మాట్లాడుకుందాం.